గోళీ టైమే ఇంటి టైం: పార్కిన్సన్స్ ఉన్న మనిషిని ఇంట్లో చూసుకోవడం ఎట్లా

మొదటి గోళీ మంచం మీద ఉన్నప్పుడే ఇవ్వండి. ముఖం కడగకముందు, చాయ్ పెట్టకముందు, అసలు లేపకముందు. మా ఇంట్లో అది పొద్దున ఐదున్నరకు. రాత్రే మంచం పక్కన స్టూలు మీద గోళీ, మూత పెట్టిన గ్లాసులో నీళ్లు ఉంచుతాను. అలారం మోగగానే మా ఇంటామెను వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గోళీ మింగించి, కాసేపు అట్లనే ఒరగమంటాను. అరగంట, ముప్పావుగంటకు ఒళ్లు వదులవుతుంది, అప్పుడు తనంతట తనే లేస్తుంది. గోళీ పడకుండా లేపితే అదే మనిషిని నేను మోయాల్సి వస్తుంది. మొదటి నాలుగేళ్లు నేను ఉల్టా చేశాను, ముందు లేపి, బాత్రూంకు నడిపించి, చాయ్ తాగించి, ఆ తర్వాత గోళీ ఇచ్చేవాణ్ని. తెల్లారితే ఇద్దరికీ కన్నీళ్లే.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైర్ అయ్యాను. ఉండేది నల్లగొండలో, సొంతూరు మర్రిగూడ వైపు. మా ఇంటామెకు ఈ జబ్బు అని తెలిసి ఎనిమిదేళ్లు. నేను డాక్టర్ని కాదు, అందుకే డోసుల సంగతి చెప్పను, అది మీ న్యూరాలజిస్టు చూసుకోవాల్సిన పని. ఇంట్లో పొద్దున నుంచి రాత్రిదాకా ఏం చేయాలి, ఏం చేయొద్దు అనేది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మీకు అంత ఆలస్యం కావొద్దని రాస్తున్నాను. భర్తను చూసుకునే అక్కలకు, చెల్లెళ్లకు కూడా ఇవే పనికొస్తాయి.

జబ్బు గురించి రెండు మాటలు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తయారుచేసే కణాలు మెల్లమెల్లగా తగ్గిపోతాయి. నడవాలి అనుకోగానే కాలు కదలాలంటే ఆ డోపమైన్ కావాలి. అది తక్కువైతే కదలిక నెమ్మదిస్తుంది, కండరాలు బిగుసుకుంటాయి, చాలామందికి చేయి వణుకుతుంది. 1817లో ఇంగ్లండులో జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టర్ దీన్ని వివరంగా రాశాడు, ఆ పేరే ఉండిపోయింది. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. అయితే వణుకు లేకుండా కూడా ఈ జబ్బు వస్తుంది, మాకు ఆలస్యం అయింది అక్కడే.

మా ఇంటామెకు వణుకు రాలేదు. జొన్న రొట్టె కొట్టేటప్పుడు కుడిచేయి వెనకబడింది. ముప్పై ఏళ్లు విన్న ఆ టపటప చప్పుడు ఒక్కసారి తేడాగా వినిపించింది, రొట్టె ఒక పక్క మందంగా వచ్చేది. అంతకు రెండేళ్ల ముందే పెంక మీద రొట్టె మాడినా వాసన పట్టేది కాదు. నడుస్తుంటే కుడిచేయి ఊగకుండా ఒంటికి అతుక్కుని ఉండేది. మా దిక్కు మనిషి బిగుసుకుని వంగి నడిస్తే అందరికీ ముందు వచ్చే మాట ఫ్లోరైడ్ నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో అట్లా వంగిపోయినవాళ్లను చిన్నప్పటి నుంచి చూసిన కళ్లు కదా. మేము కూడా అదే అనుకుని రెండేళ్లు నొప్పి గోళీలు, సూదులతో గడిపాం. ఫ్లోరోసిస్‌లో ఎముకలు, కీళ్లు గట్టిపడతాయి, ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఇక్కడ పని నెమ్మదించడం, ముఖంలో భావం తగ్గడం, రాత అక్షరాలు చిన్నవి కావడం, వాసన పోవడం, ఒక పక్కనే మొదలవడం కనిపిస్తాయి. ఇవి చూస్తే న్యూరాలజిస్టు దగ్గరికే పోండి.

గోళీల చార్టు

సిండోపా, టిడోమెట్ లాంటి పేర్లతో దొరికేది లెవోడోపా, కార్బిడోపా కలిపిన గోళీ. ఎక్కువమంది ఇళ్లు దీని మీదనే నడుస్తాయి. కొత్తలో గంట అటూ ఇటూ అయినా తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ గోళీ ప్రభావం ఎక్కువసేపు నిలవదు, పావుగంట లేటయినా మనిషి బిగుసుకుపోతుంది. నకిరేకల్‌లో ఒక పెళ్లికి పోయినప్పుడు మాటల్లో పడి ఒంటిగంటన్నర గోళీ రెండున్నరకు ఇచ్చాను. భోజనాల దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషి లేవలేకపోయింది, వెనక వరుసవాళ్లు నిలబడి చూస్తున్నారు, ఆమె తల వంచుకుని కూర్చుంది. ఆ తర్వాత ఫోన్‌లో రోజుకు నాలుగు అలారాలు పెట్టాను, కొంగుకు కట్టుకునే చిన్న డబ్బాలో ఎప్పుడూ రెండు గోళీలు అదనంగా ఉంటాయి.

బస్సుకు డ్యూటీ చార్టు ఉన్నట్టే గోడ క్యాలెండర్ పక్కన ఒక కాగితం అంటించండి. గోళీ టైం, తిండి టైం, స్నానం టైం, నడక టైం. గోళీకి, తిండికి మధ్య కనీసం అరగంట ఉండాలి, ముందు గోళీ, తర్వాత తిండి. తిన్నాక ఇవ్వాల్సి వస్తే గంట, గంటన్నర ఆగండి. పప్పు, గుడ్డు, మాంసం, పాలు, పెరుగు వీటిల్లో ఉండే ప్రోటీను, ఈ మందు రెండూ పేగుల్లో ఒకే దారిలో పోతాయి, ప్రోటీను ఎక్కువుంటే మందు వెనకబడుతుంది. అట్లాగని పప్పు మానిపించొద్దు, మనిషి చిక్కిపోతుంది. మాకైతే డాక్టర్ చెప్పినట్టు పగలు కూరగాయలు, పచ్చి పులుసు, అన్నం ఎక్కువగా, రాత్రికి పప్పు, గుడ్డు పెట్టడం కుదిరింది. కడుపులో తిప్పినట్టు ఉంటే గోళీతో ఒక బిస్కెట్ ఇవ్వొచ్చు, కానీ పాలతో ఇవ్వకండి. రక్తం తక్కువ ఉందని ఐరన్ గోళీ రాస్తే దానికీ దీనికీ రెండు గంటల ఎడం పెట్టండి.

శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి, శివరాత్రి... ఉపవాసం ఉన్నా గోళీ ఆగొద్దు. మా ఇంటామె మొదట్లో ఒప్పుకోలేదు, "నీళ్లు తాగితే తప్పు లేదు గదా, గోళీ కూడా నీళ్లలాంటిదే అనుకో" అంటే అప్పుడు సరే అన్నది.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. గోళీ వేసిన టైం, ఒళ్లు వదులైన టైం, మళ్లీ బిగుసుకున్న టైం, ఒళ్లు తనంతట తనే అటూ ఇటూ ఊగిన టైం రాయండి. ఆ ఊగడం చూసి జబ్బు ముదిరిందని, గోళీ పెంచాలని అనుకుంటారు చాలామంది. అది గోళీ ఎక్కువైనప్పుడు కూడా వస్తుంది. డాక్టర్ దగ్గర ఉండే పది నిమిషాల్లో ఆ ఊగుడు కనిపించకపోవచ్చు, అందుకే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. మా డోసు సరిగ్గా కుదిరింది నేను వారం రోజుల లెక్క రాసి తీసుకుపోయాకనే.

మందుల షాపులో స్ట్రిప్ మీద పేరు చదవకుండా బయటికి రాకండి. ఒకసారి మాకు మామూలు గోళీ బదులు సీఆర్ అని రాసి ఉన్నది ఇచ్చారు, అది మెల్లగా పనిచేసే రకం, పొద్దున్నే వేస్తే ఎనిమిదైనా మనిషి కదలలేదు. సీఆర్ గోళీలు నూరొద్దు, నమలనియ్యొద్దు. పదిహేను రోజులకు సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. ఎండాకాలంలో కిటికీ దగ్గరా, బండి డిక్కీలోనూ పెట్టకండి.

ఇవ్వకూడని మందులు

ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది. ఒక రాత్రి మా ఇంటామెకు వాంతులయ్యాయి, దగ్గర్లో ఒక క్లినిక్‌కు తీసుకుపోతే సూది వేశారు. వాంతులు ఆగాయి. తెల్లారి నుంచి రెండు రోజులు మనిషి కట్టె అయిపోయింది, కన్ను కూడా సరిగా ఆర్పలేదు. వాంతికి వేసే మెటాక్లోప్రమైడ్, మనకు పెరినార్మ్ అనే పేరుతో తెలిసింది, డోపమైన్ పనిని అడ్డుకుంటుంది. తల తిరుగుడుకు ఇచ్చే స్టెమిటిల్ కూడా అంతే. సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అనేవి కూడా ఈ జబ్బు లక్షణాలను పెంచుతాయి. గాబరా, కలవరింతలు ఎక్కువయ్యాయని హాలోపెరిడాల్ ఇస్తే ఇంకా ప్రమాదం. వీటి పేర్లు ఇంగ్లిష్‌లో ఒక కార్డు మీద రాయించి లామినేషన్ చేయించండి. ఒకటి మీ జేబులో, ఒకటి ఆమె సంచిలో, ఒకటి బీరువా తలుపుకు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినా, పెద్ద దవాఖానకు పోయినా సూది వేయకముందు ఆ కార్డు చూపించండి.

ఏ కారణంతోనైనా గోళీలు ఒక్కసారి ఆపేయొద్దు. అట్లా ఆపితే ఎక్కువ జ్వరం, ఒళ్లు కట్టెలా బిగుసుకోవడం, స్పృహ తప్పడం దాకా పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్ ఉండి ఏమీ తినొద్దన్నా, "ఈ గోళీ సంగతి ఏంటి" అని మత్తు డాక్టర్‌ను విడిగా అడగండి. అడ్మిట్ అయితే మీ టైం చార్టును మంచం దగ్గర అంటించి, నర్సమ్మకు చెప్పి, ఆ టైంకే వేయించండి.

అంగట్లో దూలగొండి గింజల పొడి అమ్ముతారు, వణుకుడు రోగానికి మంచిదని చుట్టాలు తెచ్చి ఇస్తారు. ఆ గింజల్లో లెవోడోపా నిజంగానే ఉంటుంది, అందుకే సమస్య. ఎంత ఉందో తెలియని పొడిని గోళీకి తోడు వేస్తే డోసు ఎక్కువైపోతుంది. డాక్టర్‌కు చెప్పకుండా ముట్టుకోకండి.

మంచం దిగడం, నడవడం

చేయి పట్టి గుంజొద్దు. నేను గుంజి గుంజి ఆమె భుజం పట్టేసింది, మూడు నెలలు చేయి లేవలేదు, నా నడుము కూడా పోయింది. ఒక రోజు ఆమే అన్నది, "నువ్వు గుంజకయ్యా, జరంత ఆగు, నేనే లేస్త." నిజమే, ఆగితే లేస్తుంది. ముందు మోకాళ్లు మడవాలి. రెండు మోకాళ్లు, తల, భుజాలు కలిపి ఒక పక్కకు తిప్పాలి. పాదాలు మంచం అంచు నుంచి కిందికి జార్చాలి, ఆ బరువుకు పైభాగం సగం అదే లేస్తుంది, కింది మోచేతి మీద బలం పెట్టి కూర్చోవాలి. మీరు భుజం వెనక అరచేయి ఆనించి నడిపిస్తే చాలు. కూర్చున్నాక వెంటనే నిలబెట్టకండి, రెండు నిమిషాలు ఆగాలి, ఎందుకో కింద చెబుతాను.

మంచం గట్టిగా ఉండాలి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. నవారు మంచం కుంగుతుంది, అందులోంచి లేవడం గోతిలోంచి లేచినట్టే, మేము తీసేసి చెక్క మంచం వేశాం. రాత్రి పక్కకు తిరగలేక బాధపడుతుంటే ఒక పని చేయండి. పాత పాలిస్టర్ చీరను మడిచి పరుపు మీద నడుము, తుంటి వచ్చే చోట అడ్డంగా పరిచి అంచులు గట్టిగా కిందికి దోపండి, ఒళ్లు జారుతూ తిరుగుతుంది. కాళ్ల దగ్గర మాత్రం మామూలు నూలు చద్దరే ఉండాలి, పాదానికి పట్టు దొరకాలి కదా. ఇది చేసిన రాత్రి ఆమె నన్ను ఒక్కసారే లేపింది, అంతకు ముందు నాలుగైదు సార్లు.

కుర్చీలోంచి లేవాలంటే ముందుకు జరగాలి, పాదాలు వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగాలి, ఒకటి రెండు మూడు అని లేవాలి. చేతులున్న గట్టి కుర్చీ కొనండి, సోఫా వద్దు.

నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోవడం చూసే ఉంటారు. ఇంటి కడప దగ్గర, బాత్రూం దర్వాజ దగ్గర, మలుపులో. "నడువు, నడువు" అని తొందర పెడితే ఇంకా అతుక్కుంటాయి, వెనక నుంచి నెడితే పడిపోతారు. ఆపండి. నిలబడనివ్వండి. బరువు ఒక కాలి మీదికి, ఇంకో కాలి మీదికి రెండుసార్లు మార్చమనండి. తర్వాత దాటడానికి ఏదైనా ఇవ్వండి. నేను నా పాదం ఆమె పాదం ముందు అడ్డం పెడతాను, దాటమంటాను, అది దాటితే మిగతా అడుగులు అవే వస్తాయి. కడప దగ్గర, మంచం నుంచి బాత్రూం దాకా నేల మీద ఎర్ర ఇన్సులేషన్ టేపును అడుగున్నర ఎడంగా అడ్డగీతల్లా అంటించాను. కంటికి గీత కనిపిస్తే కాలు లేస్తుంది. చెవికి తాళం వినిపించినా లేస్తుంది, బతుకమ్మ ఆడేటప్పుడు వేసే చప్పట్ల తీరుగా నేను చప్పట్లు కొడతాను, ఆమె అడుగు ఆ తీరు పట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్న తాళం కదా, జబ్బు దాన్ని ఇంకా తీసుకుపోలేదు.

మలుపు దగ్గర నిలబడ్డచోటే గిర్రున తిరగనియ్యొద్దు. బస్టాండులో బస్సును మలిపినట్టు పెద్దగా చుట్టి తిరగాలి. నడిచేటప్పుడు ముచ్చట్లు పెట్టకండి, చేతిలో చెంబో, గిన్నో ఇవ్వకండి, ఒక టైంలో ఒక పనే. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి కావాలి. గోనె పట్టాలు, తలుపుల దగ్గర గుడ్డలు అన్నీ తీసేయండి. బాత్రూంలో గోడకు స్టీలు కడ్డీ మేస్త్రీతో గట్టిగా వేయించండి, టవల్ వేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. లోపల గొళ్లెం తీసేయండి. కింద కూర్చునే లెట్రిన్ ఉంటే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. రాత్రంతా చిన్న బల్బు వెలగాలి, కరెంటు పోతే వెలిగే చార్జింగ్ బల్బు ఒకటి ఉండాలి.

పడిపోతే గబుక్కున లేపకండి. తలకు తగిలిందా, తుంటి నొప్పి ఉందా, కాలు పొట్టిగా అయి బయటికి తిరిగిందా చూడండి. అట్లా ఉంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి. ఏమీ లేకపోతే పక్కకు తిప్పి, చేతులు మోకాళ్ల మీదికి తెచ్చి, ముందు ఒక కుర్చీ పెట్టి, ఒక పాదం ముందుకు వేయించి, కుర్చీ పట్టుకుని తనే లేచేట్టు చూడండి.

ఇక రెండు నిమిషాలు ఆగమన్నది బీపీ గురించి. ఈ జబ్బులో, ఈ మందులతో చాలామందికి నిలబడగానే బీపీ పడిపోతుంది, కళ్లు చీకట్లు కమ్ముతాయి. తిన్న వెంటనే, వేడినీళ్ల స్నానం తర్వాత, మన నల్లగొండ మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువ. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూసి రాయండి, పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టర్‌కు చెప్పండి. బీపీ గోళీలు వాడుతుంటే అవి మార్చాల్సి రావొచ్చు, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

స్నానం, చీర

మగవాళ్లకు ఇది కష్టంగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మా అక్క ఒకసారి అన్నది, "మొగోడివి, నీకెందుకురా ఇదంతా, ఒక మనిషిని పెట్టుకో" అని. మనిషిని పెట్టుకోవడం తప్పు కాదు, దొరికితే పెట్టుకోండి. నాకైతే ముప్పై ఏళ్లు నా చొక్కాలు ఉతికిన చేతులకు నేను గుండీలు పెట్టడంలో సిగ్గు ఏముంది అనిపించింది.

గోళీ బాగా పనిచేసే గంటలోనే స్నానం పెట్టండి, మాకది ఆరున్నర. వెడల్పు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి చెంబు ఆమె చేతికే ఇవ్వండి. బట్టలు వేసేటప్పుడు ఎక్కువ బిగుసుకున్న చేయి ముందు, తీసేటప్పుడు ఆ చేయి చివరికి. లంగా బొందు తీసి ఎలాస్టిక్ వేయించాను, జాకెట్ హుక్కుల స్థానంలో టైలర్‌తో వెల్క్రో కుట్టించాను. ఇంట్లో నైటీ. బతుకమ్మకు, గుడికి మాత్రం చీరే కావాలంటుంది, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయేరోజు కుచ్చిళ్లు నేను పెడతాను. మొదట్లో అవి పెట్టడం రాక పావుగంట పట్టేది, ఇప్పుడు వచ్చు. ఒట్టిగా నిలబెట్టి కాదు, కుర్చీ పట్టుకుని నిలబడమని, మధ్యలో కూర్చోబెట్టి. ఆమె చేయగలిగింది ఆమెనే చేయనివ్వండి, బొట్టు తనే పెట్టుకుంటుంది, ఐదు నిమిషాలు పడుతుంది, నేను ఆగుతాను.

తిండి, మింగుడు

తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, టీవీ బంద్, మాటలు బంద్. చిన్న ముద్ద, గదవ కొంచెం కిందికి దించి మింగాలి, ఒక ముద్దకు రెండుసార్లు మింగాలి. తిన్నాక అరగంట పడుకోనియ్యొద్దు. పొడి జొన్న రొట్టె, అటుకులు, పేలాలు, పల్లీలు పొరపోతాయి, రొట్టెను పులుసులో బాగా నానబెట్టి ఇవ్వండి. మనకు వింతగా ఉంటుంది కానీ పలుచని నీళ్లే ఎక్కువ పొరపోతాయి, చిక్కటి రాగి జావ సులువుగా దిగుతుంది. బత్తాయి తొనల పొర తీసి గుజ్జు పెట్టండి. పాలమూరు సీతాఫలం వస్తే గింజలన్నీ మీరే తీసి గిన్నెలో పెట్టండి. తిన్నాక గొంతు గరగరలాడినా, తరచూ దగ్గొచ్చినా, ఊరికూరికే జ్వరం వచ్చినా తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమో చూడాలి, స్పీచ్ థెరపిస్టు మింగుడు పరీక్ష చేస్తారు.

మలబద్ధకం చిన్న విషయం అనుకోకండి. కడుపు కదలకపోతే గోళీ కూడా సరిగా పనిచేయదు. బొప్పాయి, ఆకుకూరలు, నీళ్లు, నడక. అప్పటికీ కాకపోతే డాక్టర్‌ను మందు అడగండి, సిగ్గుపడకండి.

గొంతు, ముఖం, మనసు

ఈ జబ్బులో గొంతు సన్నబడిపోతుంది, వాళ్లకు మాత్రం గట్టిగానే మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. సాయంత్రం మేం ఇద్దరం డాబా మీద నిలబడి, ఊపిరి నిండా తీసుకుని, నేను నా డ్యూటీలో అరిచినట్టు "రైట్ రైట్!" అని అరుస్తాం. ఇరవై సార్లు. తర్వాత పేపర్‌లో రెండు వార్తలు గట్టిగా చదివిస్తాను. నెల తిరిగేసరికి పక్కింటి వాళ్లు ఆమె పిలుపు వినబడుతోందన్నారు. నడక, పెద్ద పెద్ద అడుగులు, చేతులు చాచడం రోజూ ఉండాలి, గోళీతో సమానంగా.

ముఖంలో నవ్వు కనిపించకపోతే చుట్టాలు "మేం వచ్చింది ఇష్టం లేదేమో" అనుకుంటారు. ముందే చెప్పండి, ముఖ కండరాలు బిగుసుకున్నాయి, మనసులో సంతోషంగానే ఉంది అని. బుద్ధి మందగించిందనుకుని ఆమెను వదిలి నాతోనే మాట్లాడేవాళ్లు చాలామంది. నేను జవాబివ్వను. ఆమె వైపు చూస్తాను, అంతే. జవాబు రావడానికి అర నిమిషం పడుతుంది, వస్తుంది.

రాత్రి కలలో అరవడం, తన్నడం ఉంటే మంచం పక్కన పరుపు వేయండి, పదునైన సామాను దూరం పెట్టండి. పొద్దుగూకే వేళ మూలలో పిల్లలు కూర్చున్నారని మా ఇంటామె రెండుసార్లు అన్నది. లేరని వాదించలేదు, దయ్యమని ఎవరినీ పిలవలేదు, లైటు వేసి చేయి పట్టుకున్నాను, డాక్టర్‌కు చెబితే గోళీలు సవరించారు. ఒక్కరోజులో మనిషి అయోమయంలో పడితే జబ్బు పెరిగిందని కూర్చోకండి, మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం, నీళ్లు తక్కువ కావడం చూపించండి. ఈ జబ్బుకే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే వేరే గోళీలు వాడేవాళ్లలో కొందరికి జూదం, కొనుగోళ్లు, ఇంకా చెప్పుకోలేని కోరికలు అదుపు తప్పుతాయి. అది మందు వల్ల, గుణం వల్ల కాదు, దాచకుండా చెప్పండి.

దవాఖాన ప్రయాణం, సర్టిఫికెట్

పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ ఉంది, మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టే డీబీఎస్ ఆపరేషన్ కూడా అక్కడ చేస్తారు, అది అందరికీ కాదు, లెవోడోపా బాగా పనిచేస్తూ టైం నిలవని వాళ్లకు ఆలోచిస్తారు. బీబీనగర్ ఎయిమ్స్ మనకు దగ్గర. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, బస్సు ఎక్కే టైం గోళీ పనిచేసే గంటలో పడేట్టు చూసుకోండి. మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లో ఆమెకు ప్రయాణం ఉచితం, ఆధార్ దగ్గర ఉంటే చాలు. మెట్టు ఎత్తు కాబట్టి బస్టాండు ప్లాట్‌ఫాం దగ్గరే ఎక్కించండి, కొంచెం దగ్గరగా ఆపమని డ్రైవర్‌ను అడగండి, అడిగితే ఆపుతారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. చేయో కాలో లేనివాళ్లకే సర్టిఫికెట్ అనుకుని చాలామంది అడగనే అడగరు. యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకుని, పాత రిపోర్టులన్నీ తీసుకుని క్యాంపుకు పోండి. 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గోళీ పనిచేసేటప్పుడు చూస్తే బాగానే ఉన్నారనిపిస్తుంది, అందుకే బిగుసుకున్నప్పటి వీడియో కూడా చూపించండి.

మీ సంగతి

రెండేళ్ల కింద ఒక రాత్రి మూడోసారి లేపిందని ఆమె మీద అరిచాను. ఆ తర్వాత రాత్రి ఆమె నన్ను లేపలేదు, పొద్దున చూస్తే పక్క తడిసి ఉంది. ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాను. అది కోపం కాదు, నిద్ర లేక. మీ నిద్ర కూడా చార్టులో రాయండి. మధ్యాహ్నం రెండున్నరకు ఆమె తిని కుర్చీలో ఒరిగినప్పుడు నేనూ నలభై నిమిషాలు పడుకుంటాను, ఫోన్ తీయను. నా బీపీ, షుగర్ ఆరు నెలలకోసారి చూపించుకుంటాను. మనసు బరువెక్కితే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశాను.

ఇంట్లో ఇంకొక్కరికైనా ఇదంతా నేర్పండి. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆదివారం మంచం దింపడం, పాదం అడ్డం పెట్టడం, కార్డు ఎక్కడుందో అన్నీ చూపించాను. మొదటిసారి వాడు భయంతో అమ్మ చేయి గుంజాడు. "గుంజకురా, ఆగు" అన్నది ఆమె. వాడు ఆగాడు. ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు ఐదున్నర గోళీ వాడే ఇస్తాడు, నేను ఆరున్నరదాకా పడుకుంటాను.